మూడో దిమ్మె

ఈ మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, మొదటి ఆదివారం పిట్టల్ని చూసే మా చెరువు నడకకు పద్నాలుగు మంది వచ్చారు. ఆరు గంటలకు మొదలు కావలసినది ఆరూ పన్నెండుకు మొదలైంది. కొత్తగా దారి చూపుతున్న అమ్మాయి అందరినీ వరుసగా నిలబెట్టి, సెల్‌ఫోన్ల మోత ఆపించి, పిట్ట కనిపిస్తే గట్టిగా అరవకూడదని ఓపికగా చెప్పింది. బాగానే చేసింది. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అయినా నడక పొడుగునా నా కాళ్ళు కుదురుగా లేవు. ఆమె ఒకచోట ఆగి పావుగంట నిలబడితే నేను నిలబడలేకపోయాను. ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు. చివరికి ఆమే వచ్చి, తమిళంలో అవ్వను పిలిచినట్టు, "పాట్టీ, కాలు నొప్పా? కూర్చుంటారా?" అని అడిగింది.

నొప్పి కాదు. పదకొండు చలికాలాలు ఈ గట్టు మీద నాకు ముందు నడిచిన మనిషి ఐప్పసిలో, అంటే దీపావళి నెలలో, ఈ నడకలు మొదలు కాకముందే పోయాడు. ఆయన లేకుండా ఇదే మొదటి ఆదివారం.

ఆయన ఒకచోట నిలబడగా నేను చూసింది తక్కువ. పిట్టల్ని చూపించేవాళ్ళు చెట్టులా నిలబడాలంటారు. ఈయన మందను తోలేవాడిలా వరుస ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉండేవాడు. చేతిలో పార కర్ర. పార ఊడదీసి ఇంట్లో పెట్టి, కర్ర మాత్రం తెచ్చేవాడు. మధ్యలో వంగి గట్టు మట్టి చిటికెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి పారేసేవాడు. మెడలో దుర్భిణి ఉండేది. అది వచ్చినవాళ్ళ కళ్ళకు పెట్టడానికే. తాను మాత్రం నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాడు.

కాలాన్ని గంపల్లో చెప్పేవాడు. "పది గంపలు మోసేంతసేపు ఊరకుండండి, బాతులు ఇట్లే వస్తాయి" అనేవాడు. పది గంపలంటే ఎంతసేపో గడియారం పెట్టి చూశాను. పదమూడు నిమిషాలు. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ ఒక నిమిషం అటూ ఇటూగా అంతే.

ఆయన వాళ్ళు మట్టిపని వాళ్ళు. తరతరాలుగా ఈ జిల్లాలో చెరువులు తవ్వి, గట్లు పోసినవాళ్ళు. ఇప్పుడు పిల్లలు ఇళ్ళ కట్టుబడికి కూలికి పోతున్నారు. "నేను తొప్పూరు కనుమలో రోడ్డుపని జరిగేటప్పుడు కంకర కుప్ప పక్కన పుట్టినాను" అని చెప్పుకునేవాడు. ఏ సంవత్సరమని అడిగితే, "రోడ్డు పడిన సంవత్సరం" అనేవాడు. నాకు అంతకన్నా రాబట్టడం చేతకాలేదు. ఏడాదికి ఎనిమిది నెలలు పారపని, చలికాలం నాలుగు నెలలు ఆదివారం పూట పిట్టలపని. రెండింటిలో దేనికీ చదువు అడగలేదు కాబట్టి బతికిపోయానని నవ్వేవాడు.

వచ్చినవాళ్ళతో తమిళం, నాతో మాత్రం తెలుగు. మాది బి. మల్లాపురం వైపు సేద్యం చేసుకునే తెలుగు కుటుంబం. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్న ఏడాది ఒక నోటుపుస్తకం పట్టుకుని ఈ గట్టెక్కాను. మొదటి రోజే నా పక్కకు వచ్చాడు.

"ఏం రాస్తా ఉండారు టీచరమ్మా?"

"పిట్టల లెక్క."

"ఎవరు అడిగినారు?"

"ఎవరూ అడగలేదు."

"అట్లయితే మంచిగా రాయండి. ఎవరన్నా అడిగినాక రాసేది దొంగ లెక్క అయిపోతాది."

మొదటి రెండు చలికాలాలు 'మీరు' అన్నాడు. మూడో ఏట 'నువ్వు' అయింది. ఏ ఆదివారం మారిందో రాసుకోలేదు. అలాంటివి రాసుకోవాలని అప్పటికి తోచలేదు.

ఒకసారి సేలం నుంచి ఎవరో ఎర్రటి చొక్కా వేసుకుని వచ్చాడు. ఎర్ర రంగుకు పిట్టలు బెదురుతాయి. ఈయన ఆయన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, "సార్, ఆ చొక్కా తిరగేసి తొడుక్కో. లోపలి పక్క మాసిపోయి ఉంటుంది, పిట్టలకు అదే మేలు" అన్నాడు. ఆయన నిజంగానే తిరగేసి తొడుక్కున్నాడు. చెట్టికరై ఇంజనీరింగు కాలేజీ పిల్లలు ఏ పిట్ట కనిపించినా పేరేమిటి, పేరేమిటి అని వెంటపడితే, "నేనూ అడిగినాను, చెప్పలే" అని రెండడుగులు వేసి, అప్పుడు పేరు చెప్పేవాడు. దగ్గినవాళ్ళను మాత్రం క్షమించేవాడు కాదు. దగ్గు వస్తే గట్టు దిగి అవతలికి పోయి దగ్గి రావాలి. ఒకసారి నన్నూ పంపాడు.

మా తగువు ఒక్కటే. నడక అయ్యాక తూము రాతి మీద కూర్చుని నేను కూడికలు వేసేదాన్ని. ఆయన గొంతుకూర్చుని, మళ్ళీ లేచి, మళ్ళీ కూర్చునేవాడు. నత్తగుల్ల కొంగలు ఇన్ని, తెల్ల కంకణ పిట్టలు ఇన్ని, నీటికాకులు ఇన్ని, మొత్తం ఇన్ని అని చదివేదాన్ని. ప్రతిసారీ ఒకే మాట.

"ఎక్కడ కూర్చునిందో అది కూడా రాయి టీచరమ్మా."

"పిట్ట లేచి పోతుంది. చోటు రాసి ఏం చేసుకుంటాం?"

"పిట్ట పోతాది. చోటు ఆడనే ఉంటాది కదా."

"లెక్కకు చోటు అక్కర్లేదప్పా. మొత్తం సరిగ్గా ఉంటే చాలు."

"సరే. లెక్క నీది" అని లేచి కర్ర పట్టుకుని పోయేవాడు. నా పుస్తకంలో కొట్టివేత ఉండదు. పిల్లలకు కూడా అదే నేర్పాను: రాసే ముందు ఆలోచించు, రాశాక కొట్టెయ్యకు. పదకొండు చలికాలాల పుస్తకంలో ఒక్క అంకె మీద కూడా గీత లేదు. అది నా గర్వం. ఇక్కడ తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు తక్కువ కాబట్టి, ఆ పుస్తకాన్ని తిరగేసి చూడగలిగినదాన్ని కూడా నేనొక్కదాన్నే.

చెరువు నడుమ పడమటి నుంచి తూర్పుకు వరుసగా మూడు మట్టి దిమ్మెలు ఉండేవి. ఒక్కొక్కటీ రెండు నిలువుల ఎత్తు. వాటి మీద తుమ్మచెట్లు పెరిగాయి. చలికాలం వచ్చే పిట్టలన్నీ రాత్రి వాటి మీదే ఉండి, పొద్దెక్కాక మేతకు లేస్తాయి. మొదటి రెండు దిమ్మెల మీద పచ్చని చెట్లు. మూడోదాని మీది చెట్టు ఎండి మోడైంది. వాటి దగ్గరికి రాగానే ఆయన తిరగడం ఎక్కువయ్యేది.

"చెరువు తవ్వేటప్పుడు అంతా తవ్వెయ్యం సార్. ఆడాడ ఒక దిమ్మె ఇడిసిపెడతాం. కొలిచేవాడు వచ్చినప్పుడు దాని నెత్తి మీద నుంచి తాడు జారవిడిసి, ఇదో ఇంత లోతు తవ్వినాము అని చూపించాల. కొలత అయినాక దిమ్మెను కొట్టెయ్యాల. కొట్టెయ్యకుంటే పని ముగిసినట్టు కాదు."

"మరి ఇవి ఎందుకు ఉన్నాయి?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు.

"కొలిచేవాడు ఇంకా రాలే."

అందరూ నవ్వేవారు. గట్టు కింద మేకలు మేపుకునే ఒకామె, ఆయనకు మరదలి వరస, ఆ సమయానికి కాచుకుని ఉన్నట్టు పైకి కేకవేసేది: "ఏం బావా, ఈ పొద్దన్నా కొలత అయిందా?"

"నువ్వొచ్చి తాడు పట్టుకో, అయిపోతాది."

"నేను పట్టుకుంటే నిన్ను నీళ్ళలో తోసి మరీ పట్టుకుంటా."

ఆ నవ్వు వెనక ఉన్నది నాకొక్కదానికి చెప్పాడు. "మా నాయన పోయేటప్పుడు ఆస్తి గురించి ఏమీ చెప్పలే, ఉంటే కదా. ఆ మూడు దిమ్మెలు కొట్టెయ్యిరా, మన తాతల పని సగంలో నిలిచిపోయి ఉండాది, మనకు తలవంపు అన్నాడు. నేనేమో వాటినే నలుగురికీ చూపించి ముద్ద తింటా ఉండాను. మా వాళ్ళు ఎగతాళి చేసేది ఊరికేనా?" అని, కర్రతో నేల మీద మూడు సున్నాలు గీసి, కాలితో చెరిపేశాడు. కొట్టెయ్యమని అధికారుల్ని అడిగితే కొట్టేసేవాళ్ళే కదా అన్నాను. "పిల్లలు ఉండారు కదమ్మా ఆడ" అన్నాడు. పిల్లలంటే పిట్టలు.

పోయిన తై నెలలో, సంక్రాంతి అయ్యాక, ఒక ఆదివారం చెరువు పనులు చూసే ఇంజనీరు మా నడకలోకి వచ్చాడు. ఎండాకాలం పూడిక తీయబోతున్నారు. ఏది తీయాలి, ఏది వదలాలి అని గుర్తు పెట్టుకోవడానికి వచ్చాడు. దిమ్మెల వైపు చూసి, "ఈ మట్టికుప్పలు కూడా ఎత్తేస్తే నీళ్ళు ఎక్కువ నిలుస్తాయి" అన్నాడు.

"అది కుప్ప కాదు సార్, పాత నేల" అన్నాడు ఈయన.

"పాతదో కొత్తదో, పిట్టలు ఉండేదైతే వదిలేస్తాం. ఏ దిమ్మె మీద ఎన్ని పిట్టలు ఉన్నాయో కాగితం కావాలి. బుధవారం లోపల పంపాలి. మీ దగ్గర లెక్క ఉందటగా అమ్మా?"

అందరూ నా వైపు చూశారు. పుస్తకం నా సంచిలోనే ఉంది. పదకొండు చలికాలాల లెక్క. ప్రతి ఆదివారం, ప్రతి జాతి, ప్రతి మొత్తం. ఏ దిమ్మె మీద ఎన్ని అన్నది ఒక్కచోట కూడా లేదు.

"చోటు రాయలేదు" అన్నాను.

ఆయన నన్నొక్క మాట అనలేదు. నేను చెప్పలేదా అన్నట్టు చూడను కూడా లేదు. దుర్భిణి తీసి నా ఒడిలో పెట్టాడు. పంచె ఎగ్గట్టి, కర్ర పట్టుకుని గట్టు దిగాడు.

"యోవ్, ఎక్కడికి?" అన్నాడు ఇంజనీరు.

"లేపేదానికి" అన్నాడు. తర్వాత వెనక్కి తిరగకుండానే తెలుగులో అరిచాడు. "నువ్వు లెక్కపెట్టు టీచరమ్మా! ఒక్కొక్క దిమ్మె లేపుకుంటా పోతాను!"

దగ్గితే గట్టు దింపిన మనిషి, ఆకు కదిలినా కసిరిన మనిషి, తై నెల చలిలో నడుము లోతు నీళ్ళలోకి దిగి, మొదటి దిమ్మె దగ్గరికి పోయి, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. ఒక్కసారిగా పిట్టలు లేచాయి. ఆయన తల వంచుకున్నాడు. పైకి చూడలేదు. గట్టు కింద ఆ మేకలామె, "అయ్యో బావా, ఏం పాపానికి పూనుకుంటివి" అని నోరు నొక్కుకుంది.

నేను లెక్కపెట్టాను. పదేసిగా విడదీసి లెక్కపెట్టడం నాకు అలవాటే. యాభై ఎనిమిది. రెండో దిమ్మెకు పోయే దారిలో నీళ్ళు గొంతు దాకా వచ్చాయి. ఆయన చప్పట్లు కొట్టేసరికి అక్కడ పెద్ద గుంపు లేచి, తిరిగి, కలిసి, మళ్ళీ తిరిగింది. నూట పన్నెండు. మూడో దిమ్మె చేరేసరికి ఆయన వణుకుతున్నాడు. చప్పట్లు కూడా సరిగా మోగలేదు. నాలుగు నీటికాకులు లేచాయి.

యాభై ఎనిమిది, నూట పన్నెండు, నాలుగు. మొత్తం నూట డెబ్బై నాలుగు. అక్కడే జాతులవారీగా పుస్తకంలో రాసుకుని, మొత్తాలు ఒక చీటీ మీద రాసి ఇంజనీరు చేతిలో పెట్టాను. "అయితే రెండు ఉంచుతాం, మూడోది తీసేస్తాం. నాలుగు పిట్టలే కదా, పక్కదాని మీద సర్దుకుంటాయి" అన్నాడు. "శుభ్రమైన కాగితం మీద సంతకం పెట్టి బుధవారం లోపల పంపండి."

ఆయన గట్టెక్కి వచ్చాడు. ఎవరో తువ్వాలు ఇచ్చారు. పళ్ళు టకటకమంటూ ఉన్నాయి.

"మూడోదానికి ఎంత?"

"నాలుగు."

"నాలుగేనా?"

"నాలుగే."

కాసేపు నా మొహం వైపు చూశాడు. "సరే. లెక్క నీది" అన్నాడు.

సోమవారం పొద్దున కాఫీ తాగుతూ, నా అలవాటు ప్రకారం జాతులవారీగా సరిచూసుకున్నాను. రెండో దిమ్మె కింద నీటికాకులు ముప్పై తొమ్మిది అని ఉంది. అక్కడే ఆగిపోయాను. నీటికాకి మునిగి లేచాక రెక్కలు విప్పి ఆరబెట్టుకోవాలి, ఆకులున్న చెట్టు దానికి పనికిరాదు. అవి కూర్చునేది మూడో దిమ్మె మీది మోడు మీదే. పదకొండేళ్ళూ చూశాను, రాయలేదు అంతే. ఆయన రెండో దిమ్మె దగ్గర చప్పట్లు కొట్టినప్పుడు మూడోదాని మీదివి తమంతట తామే బెదిరి లేచి, గుంపులో కలిశాయి. కుడి పక్క నుంచి నల్లగా వచ్చి కలవడం నా కళ్ళు చూశాయి. చేతులు లెక్కపెడుతూ పోయాయి. సరైన లెక్క రెండోదానికి డెబ్బై మూడు, మూడోదానికి నలభై మూడు.

మొత్తం మాత్రం తప్పలేదు. నూట డెబ్బై నాలుగే. ఆ రోజంతా ఆ మాటే నాకు నేను చెప్పుకున్నాను.

మంగళవారం శుభ్రమైన కాగితం తీసుకుని కూర్చున్నాను. సరైన అంకెలు రాయాలంటే పుస్తకంలో రెండు కొట్టివేతలు పడాలి. నలుగురి ముందు చెప్పిన లెక్క తప్పని ఒప్పుకోవాలి. లెక్కల టీచరు రెండు గుంపుల్ని విడదీయలేకపోయిందని అనిపించుకోవాలి. రెండు గంటలు కూర్చున్నాను. ఆదివారం చెప్పిన అంకెలే రాసి సంతకం పెట్టి పంపాను.

చిత్తిరైలో, ఎండలు ముదిరాక, చెరువు ఎండింది. మూడో దిమ్మె కొట్టే రోజు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. యంత్రం నడిపింది ఆయన అన్న కొడుకే. ఆయన గట్టు మీద ఎండలో నిలబడ్డాడు. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. గంటా నలభై నిమిషాలు. అంతసేపూ ఆయన కాళ్ళు కదలలేదు. మోడు పడిపోయినప్పుడు కూడా.

అడుగున మూరెడు మట్టి మిగిలాక యంత్రాన్ని ఆపమని చెయ్యి ఊపాడు. ఆ చివరి మట్టిని వాళ్ళలో ఒకరు చేత్తో తవ్వి, నెత్తిన మోసి గట్టు మీద పొయ్యాలట. అప్పటికి గానీ పని ముగిసినట్టు కాదు. దిగి, తవ్వి, గంప నెత్తిన పెట్టుకుని ఎక్కి వచ్చి నా కాళ్ళ ముందే కుమ్మరించాడు. మేకలామె ఆ రోజు ఎగతాళి చేయలేదు. "మామ చూసుంటే సంతోషపడును బావా" అంది.

"ఆ" అన్నాడు. మొహంలో సంతోషం ఉందో, ఏముందో, చెమట తుడుచుకుంటున్నాడు కాబట్టి నాకు తెలియలేదు. చెప్పాలని నోరు తెరిచాను. ఆయన అప్పటికే యంత్రం దగ్గరికి నడిచిపోతున్నాడు.

ఐప్పసిలో ఆయన రొమ్ము పట్టేసి మంచం పట్టాడని తెలిసి, పుస్తకం సంచిలో వేసుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కోడలు మంచం పక్కన స్టూలు వేసింది. ఆయన పడుకుని కూడా కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు.

"పరజ బాతులు వచ్చినాయా టీచరమ్మా?"

"ఇంకా లేదు. మూడు వారాలు పడుతుంది."

"పుస్తకం తెచ్చినావే. చదువు."

"ఏ రోజుది చదవాలి?"

"ఆ ఇంజనీరు వచ్చిన దినం."

పేజీ తీశాను. అంకెలు నేను రాసినట్టే ఉన్నాయి, ఒక్క గీత లేకుండా. ఆయనకు ఆ అక్షరాలు రావు. నేను ఏది చదివితే అదే లెక్క.

"ఒకటో దిమ్మె, యాభై ఎనిమిది" అన్నాను. "రెండో దిమ్మె, డెబ్బై మూడు. మూడో దిమ్మె, నలభై మూడు."

ఆయన కాళ్ళు ఆగాయి.

"ఇప్పుడు సరిగ్గా చదివినావు" అన్నాడు.

కోడలు గంజి తెచ్చి పెట్టి పోయింది. పుస్తకం మూసి ఒడిలో పెట్టుకున్నాను.

"నీకు తెలుసా అప్పా?"

"నీళ్ళలో ఉండింది నేను కదా. నేను పోకముందే మోడు ఖాళీ అయిపోయింది."

"మరి ఆ రోజే ఎందుకు అనలేదు?"

పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. తప్పు పడుతున్నట్టు కాదు, పిట్ట ఎక్కడ వాలిందో చెబుతున్నట్టే చెప్పాడు.

"నువ్వే వచ్చి చెబుతావని అనుకుంటిని. బుధవారం సాయంత్రం దాకా తూము కాడనే కూర్చుని ఉంటిని టీచరమ్మా."